కారు ఇంజిన్ దించాలన్నారా? షెడ్డులో ఏం గమనించాలి, ఆర్టీఏకు ఏం చెప్పాలి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా సొంతూరు మార్కాపురం బయల్దేరారనుకోండి. లేదా బెంగళూరు నుంచి నంద్యాల మీదుగా గిద్దలూరు వస్తున్నారు. నల్లమల ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ‘ఊరు దగ్గరే కదా’ అని అలాగే నడిపారు. మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఆయిల్ కడ్డీ తీసి వాసన చూసి, ఒక్క మాట అన్నాడు: ‘‘ఇంజిన్ దించాలి సార్.’’

ఆ మాట వినగానే ఎవరైనా ముందు ఖర్చు గురించే అడుగుతారు. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నిజంగా దించాల్సిందేనా? వంద కిలోలకు పైగా బరువుండే ఇంజిన్‌ను ఎలా దించుతారు, దేనికి వేలాడదీస్తారు? తిరిగి బిగించే ఇంజిన్ మీదేనా? నెంబర్ మారితే సీ బుక్ సంగతేంటి? ఇందులో సగం మెకానిక్ పని, సగం ఆర్టీఏ ఆఫీసు పని. రెండో సగం చాలామందికి కారు అమ్మేటప్పుడో, యాక్సిడెంట్ క్లెయిమ్ పెట్టినప్పుడో గానీ గుర్తు రాదు.

‘దించడం’ అంటే?

తెలుగులో ఇంజిన్‌ను ఎప్పుడూ ‘దించుతాం’. నిజానికి చాలా బండ్లలో దాన్ని పైకి లాగుతారు. పాత అంబాసిడర్, జీపు, సుమో లాంటి వాటిలో ఇంజిన్ నిలువుగా, వెనక చక్రాలకు షాఫ్టుతో కలిసి ఉంటుంది. బానెట్ విప్పేసి చైన్ బ్లాక్‌తో పైనుంచి తీస్తారు. ఇప్పటి చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను నడిపిస్తుంది. వీటిలో చాలా మోడళ్లకు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి కింది నుంచి దించడమే సులువు. అందుకు కారును లిఫ్ట్ మీద ఎక్కించాలి, లేదా బాడీని బాగా పైకి లేపి గట్టి స్టాండ్ల మీద నిలపాలి. మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన పద్ధతి ఏదో, ఆ షెడ్డులో అందుకు తగిన సామాను ఉందో లేదో ముందే అడగండి. లిఫ్ట్ లేనిచోట కింది నుంచి దించే బండిని పైనుంచి లాగబోతే ఏసీ పైపులు, వైరింగ్, రేడియేటర్ దెబ్బతింటాయి. అప్పుడు ఒక పనికి నాలుగు పనులవుతాయి.

అసలు దించాల్సిందేనా?

పొగ రాగానే ఇంజిన్ దించాలని లేదు. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతూ, ఆయిల్ పాల మీగడలా మారితే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. చాలా కార్లలో ఇంజిన్‌ను దించకుండానే హెడ్ ఒక్కటీ విప్పి ఈ పని చేయొచ్చు. హెడ్ వంగి ఉంటే లేత్ షాపులో చదును చేయిస్తారు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతుంటే వాల్వ్ సీళ్లు అరిగి ఉండొచ్చు. అదీ పైపనే. క్లచ్ ప్లేట్ మార్చడానికి చాలావరకు గేర్‌బాక్స్ దించితే సరిపోతుంది.

పిస్టన్ రింగులు అరగడం, సిలిండర్ గీతలు పడటం, క్రాంక్ బేరింగులు పోయి కింది నుంచి ‘టక్ టక్’ శబ్దం రావడం, బ్లాక్ పగలడం... ఇవైతే ఇంజిన్ దించాల్సిందే. తేల్చుకోవడానికి ఉన్న సులువైన దారి కంప్రెషన్ టెస్ట్. ప్రతి సిలిండర్‌కూ మీటర్ పెట్టి సెల్ఫ్ కొడతారు. అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక సిలిండర్ మిగతావాటికంటే 10-15 శాతానికి మించి తగ్గితే లోపల తేడా ఉన్నట్టు. ఆ అంకెలను కాగితం మీద రాసిమ్మనండి. టెస్ట్ చేయకుండానే, చెవితో విని ‘ఫుల్ ఇంజిన్ పని’ అనే మెకానిక్ అనుభవజ్ఞుడే కావచ్చు. అయినా అంత పెద్ద పనికి ఒప్పుకునే ముందు మరో షెడ్డులో కూడా చూపించుకోవడం తప్పేమీ కాదు.

ఇక్కడి నీళ్లు, ఇక్కడి ఎండ

పశ్చిమ ప్రకాశంలో ఇంజిన్ వేడెక్కే సమస్యకు రెండు స్థానిక కారణాలు కలుస్తాయి. ఒకటి ఎండ. వేసవిలో మార్కాపురం వైపు 45 డిగ్రీలు చూడటం కొత్త కాదు. రెండోది బోరు నీళ్లు. ఈ ప్రాంతం పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది మనుషుల పళ్లకు, ఎముకలకు శత్రువు. రేడియేటర్‌కు శత్రువు మాత్రం అదే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇంట్లో హీటర్ రాడ్డుకు తెల్లగా పెచ్చు కట్టడం చూసే ఉంటారు. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే ఇంజిన్ లోపలి నీటిదారుల్లోనూ, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అలాంటి పెచ్చే కడుతుంది. వేడి బయటకు పోదు. మైదానంలో ఎలాగో నెట్టుకొచ్చిన బండి ఘాట్ ఎక్కేటప్పుడు దొరికిపోతుంది.

కాబట్టి ఇంజిన్ పని చేయించి, అదే రేడియేటర్‌ను శుభ్రం చేయించకుండా బిగించుకుంటే పెట్టిన డబ్బు మళ్లీ ఘాట్‌లో పోతుంది. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్, ఫ్యాన్... ఈ నాలుగూ చూశారా అని అడగండి. నింపేది కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మిశ్రమమే కావాలి. మినరల్ వాటర్ అని అమ్మే క్యాన్ నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కాదు.

దారిలో ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వీలైనంత త్వరగా పక్కన ఆపండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదకు చిమ్ముతుంది. అరగంటకు పైగా ఆగండి. జాతీయ రహదారుల మీద సాయానికి 1033, ప్రమాదమైతే 112 లేదా 108. దోర్నాల - శ్రీశైలం మార్గం పులుల అభయారణ్యంలోంచి వెళ్తుంది, రాత్రిపూట వాహనాలను వదలరు. అందుకే ‘చల్లబడ్డాక రాత్రికి మెల్లగా వెళ్దాం’ అనే ఆలోచన అక్కడ పనికిరాదు. ఆటోమేటిక్ గేర్ల కారును తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు నేలకు తగలకుండా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి.

దించేటప్పుడు ప్రాణాల మీదకు వచ్చేవి

ఈ పని మీరు స్వయంగా చేయకపోవచ్చు. చేయొద్దనే చెబుతాం కూడా. కానీ మీ కారు కింద ఒక మనిషి పడుకుంటాడు. షెడ్డులో పది నిమిషాలు నిలబడి కొన్ని విషయాలు చూస్తే చాలు, అక్కడ పని ఎలా జరుగుతుందో తెలిసిపోతుంది.

మొదట నేల. కాంక్రీటు గచ్చు, సమతలం. మట్టి నేల మీద జాకీ పెడితే బరువు పడగానే కుంగుతుంది. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. లోపలి ఆయిల్ సీల్ పోతే హైడ్రాలిక్ జాకీ చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. అందుకే జాకీతో లేపి, బరువును ఇనుప స్టాండ్ల మీదకు దించి, చక్రాలకు ఇరువైపులా దిమ్మలు పెట్టాకే మనిషి కిందకు దూరాలి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు స్టాండ్లు కావు. అవి పగిలేముందు సూచన కూడా ఇవ్వవు.

తర్వాత ఇంజిన్‌ను దేనికి వేలాడదీస్తున్నారో చూడండి. వేపచెట్టు కొమ్మకో, రేకుల షెడ్డు పైపుకో చైన్ బ్లాక్ కట్టే అలవాటు చిన్న ఊళ్లలో ఇంకా పోలేదు. చిన్న పెట్రోలు కారు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపితే వంద కిలోలు దాటుతుంది. పెద్ద డీజిల్ బండ్లలో ఇంజిన్ ఒక్కటే రెండు వందలు దాటుతుంది. రేకులు మోయడానికి వేసిన పైపు ఆ బరువు కోసం వేసింది కాదు. ఎన్నేళ్ల నుంచో కడుతున్నాం, ఏమీ కాలేదు అనే మాట లెక్కలోకి రాదు. చైన్ బ్లాక్ మీద ఎంత బరువు ఎత్తొచ్చో రాసి ఉంటుంది. దాన్ని పట్టుకున్న దూలానికీ అంత బలం ఉండాలి. చక్రాల క్రేన్ అయితే మరో మెలిక ఉంది. దాని చేయి ఎంత బయటకు సాగదీస్తే అంత బలం తగ్గుతుంది. 2 టన్నుల క్రేన్ చేయి పూర్తిగా సాగితే మామూలుగా అర టన్ను మాత్రమే ఎత్తుతుంది. ఆ అంకెలు చేయి మీద రంధ్రాల పక్కనే ముద్రించి ఉంటాయి.

గొలుసు తగిలించేది ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన కొక్కేలకే. ప్లాస్టిక్ మేనిఫోల్డ్‌కో, చేతికి దొరికిన సన్న బోల్టుకో కాదు. రెండు గొలుసులు మరీ విప్పారినట్టు పరుచుకుంటే ఒక్కోదాని మీద లాగుడు పెరిగిపోతుంది. రెండింటి మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో గొలుసూ మొత్తం బరువంత మోస్తున్నట్టే. సగం సగం పంచుకుంటాయనుకోవడం పొరపాటు.

ఇక విప్పే వరుస. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. బిగించేటప్పుడు అదే చివర. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో బ్యాటరీ తీశాక కంపెనీ చెప్పినంత సేపు ఆగాకే వాటి వైరింగ్ జోలికి వెళ్లాలి. పెట్రోలు కార్లలో లైన్ ఒత్తిడి తగ్గించడానికి, బ్యాటరీ విప్పకముందే పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడుపుతారు. అలా చేయకుండా పైపు లాగితే పెట్రోలు చిమ్ముతుంది. పక్కనే వేడి సైలెన్సర్ ఉంటే మంటే. ఇప్పటి డీజిల్ ఇంజిన్ల రైలులో ఒత్తిడి వెయ్యి బార్‌లకు మించుతుంది. నడుస్తున్న ఇంజిన్‌కు నాజిల్ పైపు వదులు చేస్తే ఆ సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది. కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలో, చేయో తీసేయాల్సి రావొచ్చు. మెకానిక్‌కు అలా తగిలితే ‘ఏం కాలేదు సార్’ అన్నా వినకండి, ఆసుపత్రికి పంపండి.

పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతికి అందేచోట ఉందా? పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితోపాటు పాకుతుంది. ఈ పని జరిగేచోట బీడీ, సిగరెట్, వెల్డింగ్ వద్దు.

కూలెంట్‌ను తొట్టిలో పట్టాలి. దానికి తీపి రుచి ఉంటుంది, విషం కూడా. కాలువలో వదిలితే కుక్కలు, పశువులు తాగుతాయి. వాడిన ఇంజిన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క, నేల మీద పారబోయకూడదు. ఏసీ కంప్రెషర్‌ను చాలా కార్లలో పైపులు విప్పకుండానే బోల్టులు తీసి పక్కకు కట్టేయొచ్చు. అలా కుదరకపోతే గ్యాస్‌ను మెషిన్‌తో లాగించాలి. గాల్లోకి వదిలేస్తే చర్మం, కళ్లు గడ్డకట్టినంత పనవుతుంది. మళ్లీ నింపించే ఖర్చు మీదే.

ప్రతి వైరుకూ, పైపుకూ టేపు మీద గుర్తు రాయడం, విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయడం, బోల్టులను విడివిడి కవర్లలో వేయడం చూస్తే ఆ మెకానిక్‌ను నమ్మొచ్చు. అన్ని బోల్టులూ ఒకే డబ్బాలో పడుతుంటే, చివర్లో ‘నాలుగు మిగిలాయి’ అనే పాత జోకు మీ కారు మీదే నిజం కావొచ్చు.

చివరి మౌంటింగ్ బోల్టు తీసేముందు గొలుసు బరువు అందుకోవాలి. తర్వాత నాలుగు వేళ్ల ఎత్తు లేపి ఆపాలి. చుట్టూ తిరిగి చూడాలి. ఎర్త్ వైరో, ఒక సెన్సరో, యాక్సిలో ఎక్కడో పట్టుకుని ఉంటుంది. వేలాడే ఇంజిన్ కింద చేయి, కాలు, తల ఏవీ పెట్టకూడదు. సరిచేయడానికి కర్ర వాడాలి. తీసిన ఇంజిన్‌ను నేరుగా గచ్చు మీద పెడితే బరువంతా కింది ఆయిల్ ఛాంబర్ మీద పడి నొక్కుకుపోతుంది. లోపల ఆయిల్ పీల్చే జల్లెడ దానికి అంటుకుంటే, కొత్తగా చేసిన ఇంజిన్ ఆయిల్ అందక మొదటి రోజే పట్టేస్తుంది. స్టాండ్ కావాలి, కనీసం పాత టైరైనా వేయాలి.

ఇంకో సంగతి. ఆ ఇంజిన్ కింద పానా పట్టుకుని పడుకున్న కుర్రాడి వయసెంత? 14 ఏళ్లలోపు పిల్లలను షెడ్డు పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. ‘పని నేర్చుకుంటున్నాడు’ అన్నది మినహాయింపు కాదు. కనిపిస్తే 1098కి చెప్పొచ్చు. పెద్దవాళ్లయిన మెకానిక్‌లకు కూడా ఈ వృత్తిలో బీమా అంతంతమాత్రమే. బ్యాంకు ఖాతా ఉన్న 18-70 ఏళ్లవారికి ఏటా 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. మీ మెకానిక్ అందులో చేరాడో లేదో అడగండి. మీ ఫోన్‌లో బ్యాంకు యాప్ చూపించి చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

దించడం కంటే బిగించడంలోనే తొందర ఎక్కువ కనిపిస్తుంది. సాయంత్రానికి బండి ఇస్తామని మాట ఇచ్చి ఉంటారు. ఇక్కడ మీరు ఓపిక పడితే మీకే లాభం.

ఇంజిన్, గేర్‌బాక్స్ చేత్తో తోస్తే ఒకదానికొకటి అతుక్కోవాలి. మధ్యలో సందు మిగిలితే బోల్టులు బిగించి లాగకూడదు. ఆటోమేటిక్ బండిలో టార్క్ కన్వర్టర్ పూర్తిగా కూర్చోకుండా అలా లాగితే గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపు పగులుతుంది. గాస్కెట్లు, సీళ్లు కొత్తవే వేయాలి. చాలా కార్లలో హెడ్ బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి. బిగించినప్పుడే అవి సాగేలా తయారుచేస్తారు. బిగింపు టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన వరుసలో జరగాలి. ‘చేతి అలవాటు’ చక్రాల నట్లకు సరిపోతుందేమో గానీ అల్యూమినియం హెడ్‌కు సరిపోదు.

టైమింగ్ బెల్టు లేదా చైను గుర్తులు కలిపాక, సెల్ఫ్ కొట్టకముందు క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోవాలి. వాల్వులు పిస్టన్‌కు తగులుతున్నాయని అర్థం. అదే సెల్ఫ్‌తో తగిలితే వాల్వులు వంగిపోతాయి. ఆయిల్ నింపాక ఇంధనం ఆపి కాసేపు సెల్ఫ్ తిప్పితే ఆయిల్ అన్ని చోట్లకూ చేరుతుంది. డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఆరాకే స్టార్ట్ చేయాలి. కూలెంట్‌లో గాలి బుడగలు తీయించడం మరవొద్దు. ఎర్త్ వైరు బిగించకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లాంటి దారులు వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మీరు అక్కడే ఉండండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఫ్యాన్ తిరిగి ఆగేదాకా నడపాలి. కింద కారకాలు, ముల్లు, శబ్దం చూడాలి. రింగులు, పిస్టన్లు మార్చి ఉంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు అదుపులో నడిపి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఇంజిన్ చేయించిన మర్నాడే కుటుంబమంతా ఎక్కి శ్రీశైలం బయల్దేరడం మాత్రం మానుకోండి.

ఇంజిన్ నెంబర్ మారిందా, లేదా?

ఇక రెండో సగం. మీ సీ బుక్‌లో రెండు నెంబర్లుంటాయి. ఒకటి ఛాసిస్‌ది, రెండోది ఇంజిన్‌ది. ఇంజిన్ నెంబర్ సాధారణంగా సిలిండర్ బ్లాక్ మీద అచ్చు కొట్టి ఉంటుంది. అందుకే లెక్క ఇలా ఉంటుంది: హెడ్ మార్చినా, రింగులు వేసినా, బోరు చేయించినా, స్లీవులు దించినా బ్లాక్ పాతదే కాబట్టి నెంబర్ మారదు. ఆర్టీఏతో పని లేదు. బ్లాక్ మారితే, అంటే ‘హాఫ్ ఇంజిన్’ వేసినా, పూర్తి ఇంజిన్ వేసినా, నెంబర్ మారుతుంది. కంపెనీ నుంచి వచ్చే కొత్త బ్లాక్ మీద ఒక్కోసారి నెంబరే ఉండదు. అప్పుడు ‘పాత నెంబరే కొట్టిస్తాం సార్, ఎవరికీ తెలియదు’ అనే మాట వినిపించొచ్చు. వద్దు. ఆర్టీఏకు చెప్పకుండా నెంబర్ కొట్టించడం, అరగదీయడం దొంగ బండ్లకు చేసే పని. రేపు తనిఖీలో అది మీ మెడకే చుట్టుకుంటుంది.

బోరింగ్, క్రాంక్ పనుల కోసం మీ బ్లాక్‌ను ఒంగోలుకో, నంద్యాలకో, విజయవాడ ఆటోనగర్‌కో పంపుతామంటే, పంపకముందే ఇంజిన్ నెంబర్ ఫొటో తీసుకోండి. తిరిగొచ్చాక పోల్చండి. బ్లాకులు తారుమారు కావడానికి దురుద్దేశమే ఉండక్కర్లేదు. ఒకే మోడల్ బ్లాకులు పది వరసగా ఉంటే చాలు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. అంటే పెట్రోలు కారుకు డీజిల్ ఇంజిన్, చిన్న ఇంజిన్ స్థానంలో పెద్దది వేయించుకుంటానంటే కుదరదు. సీఎన్‌జీ కిట్ లాంటివి ఆమోదం పొందిన రకాలైతే, అనుమతితో వేయించుకోవచ్చు. పాతదాని స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయించాలనుకుంటే ముందుగా రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవడం సరైన దారి. అనుమతి లేకుండానే మార్పు జరిగిపోతే, 14 రోజుల్లోగా మీరు నివసించే పరిధిలోని ఆర్టీఏకు తెలిపి, ఫీజు కట్టి, సీ బుక్‌లో నమోదు చేయించాలి.

‘నివసించే పరిధి’ అన్న మాట గమనించండి. మీరు హైదరాబాద్‌లో ఉంటూ మార్కాపురంలో ఇంజిన్ మార్పించుకుంటే, చెప్పాల్సింది మీ హైదరాబాద్ ఆర్టీఏకే. 14 రోజుల లెక్క మార్పు జరిగిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు తిరిగి వెళ్లిన రోజు నుంచి కాదు. సంక్రాంతి సెలవులకు వచ్చినవారికి ఇది ఇట్టే గడిచిపోతుంది.

దరఖాస్తుతోపాటు కొత్త ఇంజిన్ కొన్న బిల్లు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. వాహనం మీద లోను ఉంటే బ్యాంకు రాతపూర్వక అంగీకారం కావాలి. మోటారు వాహనాల తనిఖీ అధికారి, మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్, బండిని చూసి నెంబర్లు సరిపోల్చుకుంటారు. ఛాసిస్, ఇంజిన్ నెంబర్ల పెన్సిల్ ప్రింట్ అడగడం మామూలే. నెంబర్ ఉన్నచోట గ్రీజు తుడిపించి తీసుకెళ్తే పని త్వరగా అవుతుంది.

అనుమతి లేని మార్పులకు 2019 సవరణ తర్వాత శిక్ష పెరిగింది. ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ చౌకే, కానీ ఎవరిది?

పాత కారు నుంచి తీసిన ఇంజిన్ వేయించుకోవడం నేరం కాదు. దొంగ కారు నుంచి తీసింది కొంటే మాత్రం చిక్కే. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ‘బిల్లు లేకుండా సగం ధరకు’ వచ్చిందంటే అనుమానించడానికి అదే కారణమని పోలీసులు అనొచ్చు.

కొనేముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని రిజిస్ట్రేషన్ నెంబర్, యజమాని అమ్మినట్టు కాగితం, దుకాణం బిల్లు అడగండి. బిల్లులో ఇంజిన్ నెంబర్ రాయించండి. రెండోది, జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నడిపే ‘వాహన్ సమన్వయ్’ సేవలో ఇంజిన్ నెంబర్ కొట్టి చూడండి. చోరీ అయినట్టు పోలీసు రికార్డుల్లో ఉంటే అందులో కనిపిస్తుంది. అచ్చు కొట్టిన చోట గీకినట్టు, అంకెలు వంకరగా ఉన్నట్టు అనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. బీఎస్-6 బండికి పాత బీఎస్-4 ఇంజిన్ అంటగట్టాలని చూస్తే ఒప్పుకోవద్దు. పొల్యూషన్ టెస్టు దగ్గర మొదలయ్యే ఇబ్బంది ఆర్టీఏలో ఆగిపోతుంది.

బీమా సంగతి

అరుగుదల వల్ల, యాంత్రిక లోపం వల్ల ఇంజిన్ పోతే మామూలు కారు పాలసీ డబ్బు ఇవ్వదు. వాగు దాటుతుండగా ఇంజిన్‌లోకి నీరు పోతే ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ లాంటి అదనపు కవర్ ఉంటేనే ఆశ. అదీ మునిగిన బండికి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి ఉంటే తిరస్కరించే అవకాశం ఎక్కువ. నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయకుండా తోసుకురావడమే మంచిది.

ఇంజిన్ నెంబర్ మారితే సీ బుక్‌లో నమోదు కాగానే బీమా కంపెనీకి రాసి పాలసీలో కూడా మార్పించుకోండి. పాలసీలో ఒక నెంబర్, బండి మీద ఇంకో నెంబర్ ఉంటే, యాక్సిడెంట్ క్లెయిమ్‌లో సర్వేయర్ మొదట పట్టుకునేది దాన్నే.

పని చెడితే?

డబ్బు తీసుకుని చేసే మరమ్మతు వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ‘సేవ’ కిందకు వస్తుంది. చిన్న షెడ్డయినా, పెద్ద సర్వీస్ సెంటరైనా తేడా లేదు. కాకపోతే నిరూపించుకోవడానికి మీ చేతిలో కాగితం ఉండాలి. పని మొదలుపెట్టకముందే ఏమేం మారుస్తారో రాసిన అంచనా, తీసిన పాత సామాను తిరిగి ఇస్తామన్న మాట, చివర్లో సంతకంతో బిల్లు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని షెడ్డు జీఎస్టీ పేరుతో వసూలు చేయకూడదు. కానీ బిల్లు అడిగితే మాత్రం ఇవ్వాలి.

ముందు మెకానిక్‌తోనే మాట్లాడండి. చిన్న ఊళ్లో చాలా వివాదాలు అక్కడే తేలిపోతాయి, మరోసారి విప్పి చూడ్డానికి ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. పని జరిగింది గిద్దలూరులో, మీరుండేది హైదరాబాద్‌లో అయినా, ఒంగోలు దాకా తిరగనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటి కమిషన్‌లోనూ కేసు వేసే వీలు ఈ చట్టంలో ఉంది. గడువు, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు.